ఎత్తు ఎక్కలేక ఆగిపోతున్న పెట్రోలు గోల్ఫ్ కార్టు: కార్బురేటరు విప్పాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము జార్జియా రాష్ట్రంలోని పీచ్‌ట్రీ సిటీలో ఉంటున్నాము. ఈ ఊళ్లో గోల్ఫ్ కార్టులు తిరగడానికి దాదాపు 100 మైళ్ల పొడవున ప్రత్యేకమైన బాటలు ఉన్నాయి కాబట్టి, పిల్లలను ఆటలకు తీసుకువెళ్లాలన్నా, కూరగాయలు తెచ్చుకోవాలన్నా చాలా ఇళ్లలో అదే రెండో బండి. మేమూ ఈమధ్య ఒకరి ఇంటి దగ్గర పాత క్లబ్ కార్ డీఎస్ కొన్నాము. పెట్రోలుతో నడిచేది, కవాసాకి ఎఫ్ఈ290 ఇంజను, ఒకే సిలిండరు, 286 సీసీ, ఫోర్ స్ట్రోక్. అమ్మినాయన చెప్పినదాని ప్రకారం బండి చలికాలమంతా షెడ్డులో కదలకుండా ఉంది, ట్యాంకులో అప్పటి పెట్రోలే ఇంకా సగం దాకా ఉంది.

చోక్ లాగి పెడలు నొక్కితే ఇంజను వెంటనే అందుకుంటుంది. చదునైన బాట మీద కొంత దూరం బాగానే వెళుతుంది. ఎత్తు మొదలయ్యేసరికి గొంతు నొక్కినట్టు అయిపోయి, మిస్సింగ్ కొట్టి, చివరికి ఆగిపోతుంది. కాసేపు ఆగి మళ్లీ పెడలు నొక్కితే స్టార్టవుతుంది. చోక్ సగం మూసి ఉంచితే అదే ఎత్తును నిదానంగానైనా ఎక్కుతుంది. పెడలు మీద నుంచి కాలు తీసినప్పుడు అప్పుడప్పుడు సైలెన్సరులో టపాకాయ పేలినట్టు చప్పుడు వస్తుంది. గాలి ఫిల్టరు శుభ్రంగానే ఉంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే కొన దాదాపు తెల్లగా కనిపించింది.

కార్బురేటరు (గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పి కడగమని ఇక్కడి స్నేహితులు అంటున్నారు. పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి, ఓపికా ఉంది. కానీ కార్బురేటరును ఇంతకుముందు ఎప్పుడూ విప్పలేదు. విప్పేముందు చూడవలసినవి ఏమిటి, విప్పితే జాగ్రత్తలు ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాతఇంజను (జవాబు)

కృష్ణాతీరం గారూ, లక్షణాలను ఇంత వివరంగా రాయడం మంచిదైంది, సగం జవాబు వాటిలోనే ఉంది. చోక్ సగం మూస్తే బండి లాగుతోందన్నారు, ప్లగ్గు తెల్లగా ఉందన్నారు. ఈ రెండూ కలిపి చూస్తే మీ ఇంజనుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందన్నది దాదాపు ఖాయం. చోక్ మూసినప్పుడు లోపలికి వచ్చే గాలి తగ్గి, ఇంజను జెట్లలోంచి (కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) పెట్రోలును మరింత బలంగా పీలుస్తుంది. అందుకే కొరత కొంత తీరుతుంది. దీనికి విరుద్ధంగా ప్లగ్గు నల్లగా మసిపట్టి, నల్లటి పొగ వస్తూ ఉంటే చోక్ ఇరుక్కుపోయిందనో, ఫ్లోట్ నీడిల్ (కార్బురేటరు గిన్నె నిండగానే పెట్రోలు దారి మూసే సూది) కారుతోందనో అనుకోవలసి వచ్చేది.

అయితే పెట్రోలు చాలడం లేదు గనుక తప్పు కార్బురేటరుదే అని అప్పుడే తీర్మానించకండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం, ట్యాంకులోంచి పీల్చే గొట్టం, ఫిల్టర్లు, పంపు ఇవన్నీ దాటిన తరువాతే పెట్రోలు కార్బురేటరుకు చేరుతుంది. వీటిలో ఎక్కడ అడ్డుపడినా పైకి కనిపించే లక్షణం ఒకటే. నా దగ్గరకు వచ్చే బండ్లలో కార్బురేటరును కడిగి బిగించి, మళ్లీ కొద్దిరోజులకే అదే జబ్బుతో తిరిగి వచ్చేవి చాలా ఉంటాయి. కారణం వెతికితే గొట్టం లోపలి పొర రాలి జెట్లలోకి వస్తూనే ఉంటుంది, లేదా పాత పెట్రోలు ట్యాంకులో అలాగే ఉంటుంది. అందుకే నేను ఎప్పుడూ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి కార్బురేటరు వైపు వస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పని గ్యారేజీ లోపల చేయకండి. మన ఇళ్లలో చాలాచోట్ల గ్యాస్ వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండవచ్చు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి నేల వెంబడి పాకుతూ అంత దూరమూ పోతుంది. బండిని బయటికి తెచ్చి, చక్రాలకు ముందూ వెనకా అడ్డుపెట్టి, ఇంజను చల్లారాక పని మొదలుపెట్టండి. ఇంజను తిప్పనవసరం లేని ప్రతి పనికీ బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి, ఎందుకంటే ఈ బండిలో తాళంచెవి ఆన్‌లో ఉండగా పెడలు తగిలితే చాలు ఇంజను తిరుగుతుంది. ఫార్వర్డ్-రివర్స్ లీవరు వెనక న్యూట్రల్ లాకౌట్ అనే చిన్న క్యామ్ ఉంటుంది. దానిని సర్వీసు స్థితికి తిప్పితే బండి కదలకుండా ఇంజనును మాత్రమే తిప్పి చూసుకోవచ్చు. పని అయ్యాక దానిని తిరిగి మామూలు స్థితికి తేవడం మరవకండి.

ఇప్పుడు పరీక్షలు. బండిని ఎత్తు మీదికి పోనిచ్చి, ఆగిపోయిన క్షణంలోనే ట్యాంకు మూత తిప్పి వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, వెంటనే ఇంజను మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం; మూత మారిస్తే పని అయిపోతుంది. అదే సమయంలో స్పార్కు కూడా చూడగలిగితే మంచిది. వేడెక్కిన తరువాత స్పార్కు పోయి, చల్లారాక తిరిగి వచ్చే కాయిళ్లు (స్పార్కుకు కరెంటు అందించేవి) ఉంటాయి, ఆ బండ్లూ ఇలాగే ఆగి ఇలాగే స్టార్టవుతాయి. మీ బండి చోక్‌కు స్పందిస్తోంది గనుక నాకు కాయిల్ మీద అనుమానం తక్కువే, కానీ దాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి ఈ చిన్న పరీక్ష చాలు. ప్లగ్గు చూసేటప్పుడు దగ్గరలో తెరిచిన పెట్రోలు ఏదీ ఉండకూడదు.

తరువాత పంపు. మీ ఇంజనులో పంపు కరెంటుతో నడిచేది కాదు. పిస్టను కదిలినప్పుడల్లా క్రాంక్‌కేసులో (పిస్టను కింద ఆయిలు ఉండే గదిలో) పీడనం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక సన్నని గొట్టం ద్వారా ఆ కొట్టుకోవడం పంపులోని పొరను అటూ ఇటూ ఆడిస్తుంది, ఆ ఊపుతోనే పెట్రోలు ముందుకు పోతుంది. ఈ పల్స్ గొట్టం చివర చిన్న పగులు ఉన్నా చదును మీద సరిపోయినంత పెట్రోలు వస్తుంది, ఎత్తు మీద చాలదు. కార్బురేటరుకు వచ్చే గొట్టాన్ని ఊడదీసి, పారదర్శకమైన సీసాలోకి పెట్టి, ఇంజనును కొద్దిసేపు తిప్పండి. బలమైన చిమ్ములు ఒకదాని వెంట ఒకటి పడాలి. సన్నగా కారినా, మధ్యమధ్య బుడగలు వచ్చినా పంపు, దాని మూడు గొట్టాలు, ఫిల్టర్లు చూడవలసిందే. ఆయిలు కొలిచే పుల్లను కూడా తీసి వాసన చూడండి. ఆయిలు మట్టం పెరిగి పెట్రోలు వాసన వేస్తే పంపులోని పొర చిరిగి పెట్రోలు క్రాంక్‌కేసులోకి దిగుతున్నట్టు, లేదా ఫ్లోట్ నీడిల్ మూసుకోక పొంగుతున్నట్టు. ఆ ఆయిలుతో ఇంజనును నడపకూడదు. మార్చిన తరువాతే మిగతా పని.

ఇవన్నీ సరిగా ఉండి, అప్పటికీ బండి లాగకపోతే కార్బురేటరు విప్పండి.

సీమమెకానిక్ (జవాబు)

పాతఇంజను గారు చెప్పిన వరుసతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కడగడం గురించి నేను రాస్తాను. అనంతపురంలో చాలాకాలం బైకుల షెడ్డు నడిపాను, ఇప్పుడు డాలస్ దగ్గర అబ్బాయి ఇంట్లో ఉంటూ చుట్టుపక్కలవారి చిన్న ఇంజన్లు బాగుచేస్తున్నాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త బైకులు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి గానీ, ఇక్కడ గడ్డి కోసే యంత్రాలు, జనరేటర్లు, మీ కార్టులాంటి బండ్లలో కార్బురేటరు ఇంకా బతికే ఉంది. పని తీరు అదే.

విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో, ఏ లింకు పైనుంచి వచ్చిందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుండదు. ట్యాంకు దగ్గరి పెట్రోలు వాల్వు మూసి, కార్బురేటరు కింద పెట్రోలు నిలిచే గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, లోపలి పెట్రోలును తెల్లని పాత్రలోకి పట్టండి. ఈ ఒక్క పని ఎంతో చెబుతుంది. మంచి పెట్రోలు వాసన, రంగు మీకు తెలుసు. పాతబడినది పసుపు గోధుమ రంగులోకి తిరిగి వార్నిషులాంటి ఘాటైన వాసన వేస్తుంది. పాత్ర అడుగున వేరుగా పొర తేరితే అది నీరు. ఇథనాలు కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక ఆ నీరూ ఇథనాలూ కలిసి అడుక్కు దిగిపోతాయి. ఇంజను మొదట పీల్చేది ఆ అడుగుదే. అలాంటిది కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి తీరాలి.

కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య వేడి పాకకుండా ఒక ఇన్సులేటరు దిమ్మ, దానికి రెండు వైపులా ప్యాకింగులు ఉంటాయి. ఏది ఏ వైపుదో, ఏ మొఖం ఎటు తిరిగి ఉందో గుర్తుపెట్టుకోండి. చిరిగిన ప్యాకింగును మళ్లీ వేస్తే అక్కడి నుంచి గాలి లీకై, కడిగిన తరువాత కూడా ఇదే జబ్బు కనిపిస్తుంది.

గిన్నె విప్పాక ఫ్లోట్ పిన్నును జాగ్రత్తగా ఒక పక్కకు నెట్టి తీయండి. దాన్ని పట్టుకునే చిన్న స్తంభాలు విరిగితే కార్బురేటరే పోయినట్టు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఆడించండి, లోపల పెట్రోలు గలగలమంటే అది పనికిరాదు. నీడిల్ కొనను గోటితో తాకి చూడండి, చుట్టూ గాడి పడి ఉంటే మార్చండి. జెట్లు ఇత్తడివి, మెత్తనివి. గాడిలో సరిగ్గా కూర్చునే వెడల్పైన స్క్రూడ్రైవరు లేకుండా వాటి జోలికి పోవద్దు, అంచులు చెడితే ఇక బయటికి రావు. గాలీ పెట్రోలూ కలిపే పైలట్ స్క్రూ కనిపిస్తే, ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఆగేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని, ఆ తరువాతే పూర్తిగా తీయండి. దాని మీద లోహపు మూత కొట్టి ఉంటే అది ఉద్గారాల నిబంధన ప్రకారం కంపెనీలో మూసినది, అలాగే వదిలేయండి.

రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేశాకే క్లీనరులో నానబెట్టాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఒక రంధ్రంలో కొట్టిన స్ప్రే మరో రంధ్రంలోంచి సూటిగా ముఖం మీదికి వస్తుంది. నిజానికి అలా రావడమే మీకు కావలసింది: ప్రతి దారిలోనూ కొట్టి, అవతల ఎక్కడ బయటికి వస్తుందో చూడండి, రాకపోతే అక్కడ అడ్డుందని తెలుస్తుంది. మెయిన్ జెట్ (ఇంజను బలంగా లాగేటప్పటిది) కన్నా పైలట్ జెట్ (నిదానంగా తిరిగేటప్పటిది) రంధ్రం చాలా సన్నం. రెండింటినీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అంచు గుండ్రంగా, నున్నగా కనిపించాలి.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. మన షెడ్లలో క్లచ్ కేబులులోంచి ఒక పోగు లాగి జెట్‌లో పొడవడం ఎప్పటినుంచో ఉంది. ఆ పోగు ఉక్కు, జెట్ ఇత్తడి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు కొలత మారిపోతుంది, తరువాత ఎంత కడిగినా ఆ బండి సరిగా నడవదు. నానబెట్టడం, గాలి కొట్టడం, మళ్లీ నానబెట్టడం, దానికీ లొంగకపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు, అంతవరకే. అప్పటికీ తెరుచుకోకపోతే కొత్త జెట్ కొనడం తక్కువ ఖర్చు.

తిరిగి బిగించేటప్పుడు కార్బురేటరును తలకిందులు చేసి పట్టుకుంటే ఫ్లోట్ గిన్నె అంచుకు సమాంతరంగా నిలవాలి. మీ మోడలుకు సర్వీసు పుస్తకంలో కచ్చితమైన కొలత ఉంటే దానినే పాటించండి. అదే స్థితిలో పెట్రోలు వచ్చే మొనకు శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. ఫ్లోట్‌ను వేలితో ఎత్తితే పోవాలి. ఈ పరీక్ష చేయకుండా బిగిస్తే, నీడిల్ సరిగా కూర్చోని సంగతి పెట్రోలు నేలమీద కారినప్పుడే తెలుస్తుంది.

గోదారిగట్టు (జవాబు)

మాది ఫ్లోరిడా. పై ఇద్దరూ ముఖ్యమైనవన్నీ చెప్పేశారు, నేను ఖర్చు సంగతి ఒకటి, పెట్రోలు సంగతి ఒకటి చెబుతాను. ఆన్‌లైన్లో చాలా తక్కువ ధరకు కొత్త కార్బురేటర్లు దొరుకుతున్నాయి, విప్పి కడిగే శ్రమ ఎందుకని చాలామంది వాటిని తెప్పిస్తున్నారు. నా అభిప్రాయంలో అసలు కార్బురేటరు శరీరం తుప్పుపట్టనంతవరకు, థ్రాటిల్ (పెడలుతో పాటు గాలి దారిని తెరిచి మూసే రేకు) ఇరుసు వదులై ఆడనంతవరకు దాన్నే నిలబెట్టుకోవాలి. చవకగా వచ్చే వాటిలో జెట్ల కొలత మీ ఇంజనుకు సరిపోతుందన్న నమ్మకం లేదు. కొత్తది బిగించాక కూడా ప్లగ్గు తెల్లగానే ఉంటే తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది. ప్యాకింగులు, నీడిల్, గిన్నె రింగు కలిసి వచ్చే మరమ్మతు కిట్టు కొనండి. మీ రాష్ట్రంలోనే అగస్టాలో క్లబ్ కార్, ఈజీ-గో కంపెనీలు, మీ పక్కనే న్యూనన్‌లో యమహా ఫ్యాక్టరీ ఉన్నాయి. గోల్ఫ్ కార్టుల విడిభాగాలకు మీకున్నంత వీలు ఇతరులకు లేదు.

పెట్రోలు విషయానికి వస్తే, అమెరికాలో మామూలుగా బంకుల్లో పోసేది 10 శాతం ఇథనాలు కలిసినది. వారం వారం తిరిగే బండికి దానితో పేచీ లేదు. నెలల తరబడి నిలిపే బండికి మాత్రం ఇథనాలు లేని పెట్రోలు పోయండి. మా దగ్గర దాన్ని రెక్-90 అంటారు, మీ దగ్గర కూడా కొన్ని బంకుల్లో దొరుకుతుంది. నిలపబోయేముందు స్టెబిలైజరు (పెట్రోలు త్వరగా పాడవకుండా ఉంచే మందు) కలిపి కాసేపు ఇంజను నడిపితే ఆ మందు గిన్నెదాకా చేరుతుంది. తరువాత ట్యాంకు వాల్వు మూసి, పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట ఆగేవరకు నడిపి, గిన్నెలో మిగిలిన కాస్తనూ డ్రెయిన్ స్క్రూ ద్వారా వదిలేయండి. జెట్లలో ఎండిపోవడానికి అక్కడ ఏమీ మిగలకూడదు.

కృష్ణాతీరం (ప్రశ్న అడిగినవారు)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే చూశాను. ట్యాంకు మూత బాగానే ఉంది, స్పార్కు ఉంది, ఆయిలులో పెట్రోలు వాసన లేదు. సీసాలోకి పెట్రోలు బలంగా రాలేదు, నీరసంగా పడింది. పల్స్ గొట్టాన్ని వంచి చూస్తే క్రాంక్‌కేసు వైపు చివర పగుళ్లు కనిపించాయి. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకంతో మార్చి, ఫిల్టర్లు మార్చి, ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోశాను. బండి చాలావరకు తేరుకుంది గానీ నిండు ఎత్తులో ఇంకా కొంచెం తడబడింది. అప్పుడు కార్బురేటరు విప్పితే మెయిన్ జెట్ అంచు చుట్టూ పచ్చటి పొర కట్టి ఉంది. సీమమెకానిక్ గారు చెప్పినట్టు నానబెట్టి, గాలి కొట్టి, కొత్త ప్యాకింగులతో బిగించాను. ఇప్పుడు చోక్ లేకుండా ఎత్తు ఎక్కుతోంది. అయితే పెడలు వదిలినప్పుడు సైలెన్సరులో పేలే చప్పుడు తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు. ఇది కూడా కార్బురేటరు వల్లేనా?

పాతఇంజను (జవాబు)

ఈ మిగిలిన చప్పుడుకు కార్బురేటరును మళ్లీ విప్పవలసిన పని లేదనుకుంటున్నాను. ఈ బండిలో పెడలు వదలగానే స్పార్కు ఆగిపోతుంది, అయినా ఇంజను ఆగేలోపు కొన్ని చుట్లు తిరుగుతుంది. ఆ కొద్ది క్షణాల్లో థ్రాటిల్ పూర్తిగా మూసుకోకపోతే, కాలని పెట్రోలు ఆవిరి వేడి సైలెన్సరులోకి పోయి అక్కడ పేలుతుంది. కాబట్టి ఇంజను ఆపి, పెడలు పూర్తిగా వదిలి, కార్బురేటరు దగ్గర థ్రాటిల్ చేయి తన ఆపుడు స్క్రూను తాకుతోందో లేదో కంటితో చూడండి. తాకకపోతే కేబులు బిగువుగా ఉందని అర్థం. మీ డీఎస్‌లో పెడలు నుంచి గవర్నరు (బండి వేగాన్ని హద్దులో ఉంచే భాగం) దాకా ఒక కేబులు, గవర్నరు నుంచి కార్బురేటరు దాకా మరొక కేబులు ఉంటాయి. కార్బురేటరు తిరిగి బిగించేటప్పుడు ఈ రెండోదాని నట్టు చోటు మారడం సాధారణంగా జరుగుతుంది. అందుకే మొదట దాన్నే చూడండి, థ్రాటిల్ మూసుకునేంతవరకే వదులు చేయండి. వేగం పెరుగుతుందని ఎవరైనా గవర్నరు స్ప్రింగును వంచమంటే వినకండి; ఈ బండి బ్రేకులూ స్టీరింగూ ఆ వేగానికి తయారు చేసినవి కావు.

కేబులు సరిగా ఉండి కూడా చప్పుడు వస్తే సైలెన్సరు ఇంజనుకు కలిసే చోట ప్యాకింగు చుట్టూ నల్లటి మసి మరకలు ఉన్నాయేమో చూడండి. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి పోతే ఇదే చప్పుడు వస్తుంది. ఇన్సులేటరు దిమ్మ దగ్గర గాలి లీకు ఉందేమో చూడాలంటే ఇంజను నడుస్తుండగా ఆ అతుకు మీద సీసాతో సన్నగా నీళ్లు చిమ్మండి. ఇంజను శబ్దం మారితే లీకు అక్కడే. కొందరు దీనికి కార్బురేటరు క్లీనరు వాడతారు, కానీ పక్కనే కాలుతున్న సైలెన్సరు ఉన్నచోట మండే ద్రవాన్ని చిమ్మడం నాకు సమ్మతం కాదు. ఈ రెండూ చూసి ఏమి కనిపించిందో రాయండి, ప్లగ్గు కొన రంగు ఇప్పుడు ఎలా ఉందో కూడా చెప్పండి. లేత గోధుమ రంగులోకి వచ్చి ఉంటే మిశ్రమం కుదిరినట్టే.